వంటింటి గోడ మీద అద్దం ముక్క

నా చిన్నప్పుడు మా వాకిట్లో ఎవరూ ఎవరినీ పూర్తిగా నమ్మేవాళ్లు కాదు. ఆ సంగతి చెబుదామనే కూర్చున్నాను గాని, ముందు ఇంకోటి చెప్పకపోతే నాకు ఊపిరాడదు. నేను బీయే పాసయ్యాను. హిస్టరీ. మా పుట్టింటివైపు, అత్తింటివైపు ఎంత వెనక్కెళ్లి వెతికినా కాలేజీ గుమ్మం తొక్కినవాళ్లు లేరు. మా అయ్య ఓడరేవు డాకులో మూటలు మోశాడు. మా ఆయన లిలువా రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యాడు. నేను మనవరాలిని బడికి పంపి, అది తిరిగొచ్చేలోపు చదువుకున్నాను. మొన్న మధ్యాహ్నం ఫోన్లో రిజల్టు కనబడితే చప్పున నమ్మలేకపోయాను. నా పేరే పెట్టుకున్న ఇంకెవరో అనుకున్నాను. మర్నాడు బస్సెక్కి స్టడీ సెంటరుకెళ్లి, గోడకి అంటించిన కాగితం చూసి, కౌంటర్లో కుర్రాణ్ణి మళ్లీ అడిగాను. "మాషిమా, అది మీరే, ఇంకెలా చెప్పమంటారు" అని అతను, ఇక్కడివాళ్లు పిన్నిని పిలిచినట్టు పిలుస్తూనే విసుక్కుని, మార్కుల కాగితం తీసిచ్చాకే ఇంటికొచ్చాను. ఈ గుణం నాకెక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పుడు చెబుతాను.

ఇక్కడ బెంగాల్లో, మెటియాబ్రుజ్ వైపు గంగ ఒడ్డున ఒక పాత బాగాన్‌బాడి ఉంది. అంటే తోట బంగళా. ఎప్పటివాళ్లో ఒక బెంగాలీ వ్యాపారి కుటుంబం నది గాలి కోసం కట్టించుకున్నది. ముందు లావుపాటి స్తంభాల వరండా, మనిషికి రెండింతల ఎత్తు కిటికీలు, వాటికి చెక్క రేకుల తలుపులు, లోపల చల్లటి పాలరాతి నేల. ఇనుప కమ్మీలూ సిమెంటూ తెలియని కాలపు ఇల్లు అది, అంతా ఇటుకా సున్నమే. గోడలు ఎంత మందమంటే, కిటికీ గట్టు మీద నేను కాళ్లు ముడుచుకుని పడుకునేదాన్ని, కింద పడతానన్న భయం ఉండేది కాదు.

ఆ బంగళాకి వెనక, పడమటి గోడకి ఆనించి, ఒకప్పటి నౌకర్ల గదుల వరస ఉండేది. మా కాలానికి నౌకర్లు లేరు, శ్రీకాకుళం నుంచి డాకు పనికొచ్చిన మా బోటి కుటుంబాలు అద్దెకుండేవి. మా గది అన్నిటికంటే చివరది. మా వంటింటికీ బంగళా పెద్ద హాలుకీ మధ్య గోడ ఒక్కటే. ఇటు పక్క మా అమ్మ బొగ్గుల పొయ్యి, అటు పక్క వాళ్ల పూర్వీకుల పటాలు.

బంగళా మేడ మీద ఒకే ఒక ముసలావిడ ఉండేది. పెళ్లి చేసుకోలేదు. అందరూ పిషిమా అనేవాళ్లు, మేనత్త అని. ఇంట్లో ఆవిడకో వాటా, మిగతాది ఆవిడ మేనల్లుళ్లది. వాళ్లు ఊళ్లో వేరేచోట ఫ్లాట్లలో ఉండేవాళ్లు. దీన్ని పడగొట్టి, అపార్ట్‌మెంట్లు కట్టే ఒక ప్రమోటరుకిచ్చి, అంతస్తులు లేపాలని వాళ్ల ఆలోచన. పిషిమా ఒప్పుకోవట్లేదని కొందరన్నారు. లోపల్లోపల ఎప్పుడో ఒప్పేసుకుందని ఇంకొందరన్నారు. మా అమ్మ రెండో మాటే నమ్మింది.

గొడవంతా ఒక పగులు గురించి. ఆ ఉమ్మడి గోడలో, పైకప్పు కింద మొదలై, ఏటవాలుగా దిగేది. హాల్లో కనబడేది, మా వంటింట్లోనూ కనబడేది. ఎప్పటిదో ఎవరికీ తెలీదు. ఆ ఏడు మాత్రం గేటు కాపలా ఉండే దర్వాన్ కనిపించిన వాళ్లందరితో అది రోజురోజుకీ పెరుగుతోందని చెప్పడం మొదలెట్టాడు. వానలు వెళ్లాక, దుర్గాపూజకి ముందు, కార్పొరేషను ఆఫీసు నుంచి ఒక ఇంజనీరు వస్తాడని తెలిసింది. గోడ కదులుతోందని ఆయన రాశాడా, ఇల్లు ప్రమాదకరం కింద లెక్క, కూల్చేస్తారు, మేం రోడ్డు మీద పడతాం. గోడ నిలకడగా ఉందని రాశాడా, కాపాడవలసిన పాత ఇళ్ల జాబితాలోకి ఎక్కుతుంది, దాని మీద చెయ్యి వెయ్యడానికి ఎవరికీ వీలుండదు.

అప్పట్నుంచీ మా వాకిట్లో గాలే మారిపోయింది. ప్రమోటరు మనిషి ఎదురింటి అప్పకి చీర పెట్టాడని ఒకరు, మా అయ్యకి డాకులో మేస్త్రీ పని ఇప్పిస్తానన్నాడని ఇంకొకరు. మేం దొడ్లో కుండలు కడుగుతుంటే పిషిమా పైనుంచి, చెక్క రేకుల సందులోంచి చూసేది. కళ్లు కనబడేవి కాదు, కానీ రేకులు కొంచెం పైకి లేచేవి. మా అమ్మ అటు తిరిగి కావాలనే ఇంకా చప్పుడు చేసి కడిగేది.

ఒక రోజు అమ్మ నన్ను పిలిచి, "ఓలె గుంటా, ఆ ముసల్ది ఏటి సేస్తందో, ఎవుల్తో మాటాడతందో సూసి రా. అడిగితే పువ్వుల కోసమొచ్చినానని సెప్పు" అంది.

వెళ్లాను. పిషిమా హాల్లో వంగి నేల మీద పాలరాతి పలకల్ని ఒక్కొక్కటే కర్రతో తట్టుకుంటూ చూస్తోంది. నన్ను చూడగానే, "మీ అమ్మ పంపిందా, ఖుకూ?" అంది, చిట్టీ అన్నట్టు. పువ్వుల మాట మరిచిపోయి తలూపేశాను. "పలకలు అన్నీ ఉన్నాయో లేదో చూసుకుంటున్నాను. మీ వాళ్లు పట్టుకుపోయి మసాలా నూరుకుంటారేమోనని," అని కూడా అంది, మొహాన్నే. నాకు కోపం వచ్చింది. మా సన్నికల్లు మేం ఊర్నుంచి మోసుకొచ్చుకున్నదని చెప్పాను. ఆవిడ నవ్వలేదు. "చూడ్డానికేగా వచ్చావు, మరి సరిగ్గా చూడు, రా," అని గోడ దగ్గరికి తీసుకెళ్లింది.

స్టూలు మీద ఒక చిన్న మూకుడులో తడి సున్నం, ఇటుక పొడి కలిపిన ముద్ద ఉంది. పక్కనే కిటికీ అద్దంలోంచి కోసిన సన్నటి, పొడుగాటి గాజు బద్ద. దాన్ని నా చేత పట్టించి, పగులుకి అడ్డంగా పెట్టించి, రెండు చివర్లా సున్నం ముద్దతో మెత్తింది. చేస్తూనే చెప్పింది. పగుళ్లలో బతికున్నవి ఉంటాయట, చచ్చినవి ఉంటాయట. ఇది తన చిన్నతనంలో భూకంపానికొచ్చిందట, చాలా కాలం కిందే చచ్చిపోయిందని తన నమ్మకం. దర్వాన్ బతికే ఉందంటున్నాడు. "నేనన్నా వాడన్నా ఉత్త మాటే. గోడనే అడగాలి. ఇది వెంట్రుకంత కదిలినా గాజు ఊరుకోదు, విరుగుతుంది. వానకి మట్టి ఉబ్బుతుంది, ఇల్లు ఒళ్లు విరుచుకుంటుంది. అందుకని ఒక వానాకాలం ఆగాలి."

"విరిగితే?" అన్నాను.

"విరిగితే నేనే మీ అమ్మ దగ్గరికొచ్చి సామాను సర్దుకోమంటాను. జవాబు నచ్చకపోయినా వినేదాన్నయితేనే అడగాలి. లేకపోతే ఊరికే అనుమానపడుతూ కూర్చోవచ్చు, అది సులువు."

మిగిలిన సున్నం ముద్దని కొబ్బరి చిప్పలో అడిగి తెచ్చుకున్నాను, బొమ్మరిల్లు కట్టుకుందామని. అమ్మ చిప్ప లాక్కుని గూట్లో పెట్టేసింది. నేను చెప్పిందంతా విని, "గాజు బద్ద సెప్తదేటి, ఇల్లు పడతదో లేదో? అంతా మాయ. రేపు తనే దాన్నిరగ్గొట్టేసి, ఇదుగో గోడ కదిలిపోనాది, మీరు ఎలిపోండంటాది. ముసల్దాని బుర్ర నాకు తెల్దేటి" అంది. నాకు అదీ నిజమే అనిపించింది. పిషిమా చెప్తుంటే ఆవిడది నిజం, అమ్మ చెప్తుంటే అమ్మది నిజం. ఆ వయసులో అంతే కదా.

ఆ వారంలోనే మా అయ్య గడ్డం గీసుకునే అద్దం మాయమైంది. పగిలిపోనాది, పారేసినానంది అమ్మ. మా వాళ్లలో పగిలిన అద్దం ఇంట్లో ఉంచుకోరు, ముక్క కూడా గుమ్మం దాటించేస్తారు. కనక అయ్య నోరెత్తలేదు. కుళాయి దగ్గర తడుముకుంటూ గీసుకునేవాడు. బుగ్గల మీద, గడ్డం కింద కోతలు. డాకులో వాళ్లు "ఏటన్నా, మీ ఇంట్లో పిల్లినేటైనా పెంచుతున్నారేటి" అని ఏడిపించేవాళ్లట. కొత్తది కొనుక్కోవచ్చుగా అంటే, ఇల్లే ఉంటాదో లేదో తెలీనప్పుడు అద్దమెందుకులే అనేవాడు.

నేను మాత్రం అమ్మని అనుమానించడం మొదలెట్టాను. అమ్మ పొయ్యి పైన, గోడకి దగ్గరగా, ఎండు చేపల బుట్ట వేలాడదీసింది. అంతకు ముందు అది కిటికీ దగ్గరుండేది. పొగలో ఎందుకమ్మా అంటే పురుగు పట్టదంది. దాన్ని ఎవర్నీ తాకనిచ్చేది కాదు. ఎదురింటి అప్ప నాలుగు చేపలు అప్పు అడిగితే, తనే పీట వేసుకుని ఎక్కి, బుట్ట కదలకుండా తీసిచ్చింది. ఆ బుట్టలో ప్రమోటరు ఇచ్చినదేదో దాచిందని నాకు గట్టి నమ్మకం కుదిరిపోయింది. మా అమ్మ మీదే. ఇంట్లో కూర్చుని, అమ్మ వండిందే తింటూ.

వానలొచ్చాయి. ఆ ఏడు గంగ మెట్ల మీదకొచ్చేసింది. సాయంత్రమైతే మా వరసలో వాళ్లంతా ఏదో ఒక వంకతో హాలు కిటికీల్లోంచి తొంగి చూసేవాళ్లు, గాజు బద్ద ఉందా, విరిగిందా అని. ఉండేది. పిషిమా కూడా ఒక పక్క నిలబడి, గాజుని చూస్తున్న మమ్మల్ని చూసేది. దర్వాన్ కుర్చీ వేసుకుని, అందర్నీ చూసేవాడు. ఇల్లు ఒక్కటే, పాపం, ఎవర్నీ అనుమానించకుండా తడుస్తూ నిలబడి ఉండేది.

ఇంజనీరు వచ్చే రోజు పొద్దున్నే దర్వాన్ కేకకి అందరం పరుగెత్తాం. గాజు బద్ద కింద, పాలరాతి మీద, ముక్కలై ఉంది. గోడకి సున్నం ముద్దలు మాత్రం మిగిలాయి. చెప్పానా, కదిలిందని, అంటున్నాడు దర్వాన్. పిషిమా మేనల్లుడు అప్పటికే వచ్చి ఉన్నాడు, తెల్లటి పంచె, చేతిలో గొడుగు. పిషిమా మా వైపు తిరిగి, "మీలో ఎవరు లోపలికొచ్చారు?" అంది. మా అమ్మ వెంటనే, "మాకేటవసరం? ఇల్లు పడితే మా నెత్తి మీదే కదా పడతాది. నువ్వే ఇరగ్గొట్టుకున్నావు" అనేసింది, సగం బెంగాలీ, సగం తెలుగు. ఎదురింటి అప్ప మా అమ్మని చూసింది. మా అమ్మ ఎదురింటి అప్పని చూసింది. నేను చేపల బుట్ట గురించి ఆలోచించాను.

ఇంజనీరు కుర్రవాడే గాని, తొందరపడే రకం కాదు. ముక్కలు అటూ ఇటూ తిప్పి చూశాడు. "గోడ విరగ్గొట్టిందో, చెయ్యి విరగ్గొట్టిందో ఈ ముక్కలు చెప్పవు," అన్నాడు. పిషిమా మొహం కాస్త తేలికపడింది. ఆయనే మళ్లీ, "కానీ గోడ నిలబడిందని చెప్పే సాక్ష్యమూ నా దగ్గర ఇప్పుడు లేదు. ఇంతమంది కాపురముంటున్నారు. సందేహమున్నప్పుడు నేను ప్రమాదకరమనే రాయాలి," అన్నాడు. తప్పు లేదు. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే రాస్తాను. మేనల్లుడు గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. పిషిమా గోడకి చెయ్యి ఆనించి నిలబడింది. అంత పెద్ద మనిషి అలా చిన్నగా అయిపోవడం నేను అంతకు ముందు చూడలేదు.

మా అయ్య నా భుజం మీద చెయ్యి వేశాడు. ఇంక సామాను సర్దడమే అని ఆ చేతిలో తెలిసింది.

అప్పుడు మా అమ్మ కొంగు బొడ్లో దోపుకుని ముందుకొచ్చింది. ఆఫీసు మనిషి ముందు ఎప్పుడూ నోరు విప్పిన మనిషి కాదు. "దాదా, రాయడానికి ముందు ఓపాలి మా వంటింట్లోకి రండి," అంది, ఆయన్ని బెంగాలీలో అన్నా అని పిలిచి.

అందరూ వచ్చారు. మా వంటింట్లో ముగ్గురు నిలబడితే నాలుగో మనిషి గుమ్మంలో ఉండాలి. ఇంజనీరు, పిషిమా లోపల, మేనల్లుడు గుమ్మంలో, నేను అయ్య కాళ్ల సందున. అమ్మ పీట ఎక్కి, చేపల బుట్టని కొక్కెం నుంచి తప్పించి దించింది. దాని వెనక గోడంతా మసి. ఆ మసిలో, పగులుకి అడ్డంగా, ఒక సన్నటి బద్దలాంటి ఉబ్బు. అదీ నల్లగానే ఉంది.

"ఏంటిది?" అన్నాడు ఇంజనీరు.

"అద్దం," అంది అమ్మ. "మా ఆయన గడ్డం అద్దం."

మా అయ్య గడ్డం మీది కోతల్ని తడుముకున్నాడు. నా బొమ్మరింటి సున్నం ఎక్కడికెళ్లిందో నాకప్పుడు తెలిసింది.

గుమ్మంలోంచి మేనల్లుడు, దీన్ని నిన్ననే అంటించి ఉండొచ్చు కదా అన్నాడు. ఆ మాట న్యాయమైనదే. ఇంజనీరు టార్చి వేసి, మొహం గోడకి దగ్గరగా పెట్టి చాలాసేపు చూశాడు. మసి గోడ మీదనుంచి సున్నం ముద్ద మీదకి, దాని మీదనుంచి అద్దం మీదకి, మళ్లీ గోడ మీదకి, ఎక్కడా తెగకుండా ఒకటే దుప్పటిలా పరుచుకుని ఉంది. వానాకాలమంతా మా అమ్మ వండిన వంట మొత్తం దాని మీద పేరుకుంది. "నిన్న పెడితే ఇంత మసి రాదు," అన్నాడు ఆయన. కానీ మసి కింద అద్దం ముక్క ఒకటుందో, రెండయిందో ఎవరికి తెలుసు? అమ్మకీ తెలీదు. పీట దిగి, చేపల బుట్టని రెండు చేతులా పట్టుకుని గోడకేసే చూస్తోంది. ఆ ముక్క విరిగి ఉంటే, మమ్మల్ని మా అమ్మే రోడ్డున పడేసినట్టు. అయినా పిలిచింది.

ఇంజనీరు జేబురుమాలు తీసి, ఒక చివర్నుంచి మెల్లగా తుడిచాడు. ముందు ఆయన చొక్కా బొత్తాం కనబడింది అద్దంలో. తర్వాత గడ్డం. తర్వాత, పగులు మీదుగా, చీలిక లేకుండా, ఆయన కన్ను. దాని వెనక పిషిమా తెల్ల జుట్టు.

ఇంజనీరు రుమాలు మడత పెట్టుకుంటూ, "ఈ గోడ కదల్లేదు," అన్నాడు.

పిషిమా అమ్మ వైపే చూస్తూ, "నువ్వెందుకు పెట్టావిది?" అని అడిగింది. ఎవరైనా అక్కడ ఒక మంచి మాట చెప్పేవాళ్లు. మా అమ్మ, "నీ మీద నమ్మకం లేక," అంది. "నీ గాజు నువ్వే ఇరగ్గొడతావనుకున్నాను."

పిషిమా నవ్వడం ఆ రోజే మొదటిసారి చూశాను. "నాకూ నీ మీద లేదు. అందుకే రోజూ పలకలు చూసుకున్నాను," అని, మా చాప మీద కూర్చుంది. తాగడానికి ఏమైనా ఇస్తావా అని అడిగింది. మా గదిలో ఆవిడ కూర్చోవడం అదే మొదలు. అమ్మ టీ పెట్టింది, ఆ పొయ్యి మీదే, ఆ అద్దం కింద.

మరి గాజు బద్ద విరగ్గొట్టిందెవరు? దర్వానే అని మా అమ్మ తీర్మానించేసింది. పొద్దున్నే ముందు చూసింది అతనే, తాళాలు అతని దగ్గరే. వాణ్ణి తీసేయండని పిషిమాతో పట్టుబట్టింది. పిషిమా గ్లాసు ఊదుకుంటూ, "వాడి మీద మనం అద్దం పెట్టలేదుగా," అంది. అమ్మ నా వైపు తిరిగి, "సూస్తావేటి, గ్లాసులు కడుగు" అంది. దర్వాన్ ముసలివాడై ఊరెళ్లిపోయేదాకా ఆ గేటు దగ్గరే ఉన్నాడు. అతనే అని నాకు ఇప్పటికీ గట్టి అనుమానం. కానీ అది అనుమానమే. అంతకు మించి ఎప్పుడూ ఎవరితోనూ అనలేదు.

ఇల్లు జాబితాలోకి ఎక్కింది. పిషిమా ఆ మేడ మీదే కన్నుమూసింది. మేం తర్వాత వాట్‌గంజ్‌కి మారాం, నేను పెళ్లయి లిలువా వెళ్లాను. బీయేలో ఏదైనా పాత కట్టడం గురించి రాయమంటే, మళ్లీ అక్కడికే వెళ్లాను. గోడలకి పాత పద్ధతిలోనే సున్నం పూస్తున్నారు, కిటికీ రేకులు కొత్త కర్రతో పాత కొలతకే చేయిస్తున్నారు. మా వంటింట్లో పొయ్యి లేదు. గోడ కడిగారు. అద్దం ముక్క మాత్రం అలాగే ఉంచారు, మరమ్మతు పని చేయించే అమ్మాయి దాన్ని తియ్యొద్దందట. పీట లేదు, మునివేళ్ల మీద లేచి చూశాను. ఒక ముక్కే. అందులో నెరిసిన పాపిడి ఒకటి కనబడింది.

ఇప్పటికీ నేను అందర్నీ అనుమానిస్తాను. కూరలబ్బాయి తక్కెడని, కోడలి ఫోన్‌ని, డాక్టరు మందుల్ని. అది పోలేదు, పోదు కూడా. కానీ అనుమానం వచ్చినప్పుడల్లా, దీన్ని ఎలా అడగాలి, జవాబు నాకు నచ్చకపోతే వింటానా అని ఆగుతాను. చాలా అనుమానాలు అక్కడే చల్లారిపోతాయి.

అమ్మ ఉంటే నా బీయే సంగతి ముందు ఆవిడకే చెప్పేదాన్ని. "నిజమేనేటే?" అనేది, ఆ మాట ఖాయం. నవ్వేది కాదు, ముద్దు పెట్టేది కాదు. ఆ మార్కుల కాగితం పట్టుకెళ్లి వంటింటి గోడకి అంటించి, ఒక వానాకాలం చూసేది. అందుకని నిన్న నేనే అంటించాను, గ్యాస్ పొయ్యి పైన. ఆషాఢం రానీ, చూద్దాం.